పలక మీద పచ్చ ప్యాకెట్

శించూ నగరంలోని ఆ ఆఫీసులో ఇంజినీరు చ్యూ బల్లను వాసనతోనే పోల్చుకోవచ్చు: కాలిన రాగి, చల్లారిన పాల టీ. పన్నెండు వోల్టులను ఒక్క వోల్టుకు దించి వంద ఆంపియర్లు పారించే అగ్గిపెట్టెంత సర్క్యూట్ పలక తయారుచేయడమే రెండేళ్లుగా అతని పని. వేడెక్కిందా అని చూడటానికి మీటరు పక్కనే ఉన్నా వేలితోనే తాకుతాడు. అందుకే అతని ఫోను అతని వేలిముద్రను ఏనాడో మరిచిపోయింది. "పలకని పలచన చేద్దామని కూర్చుంటే నా జుట్టు పలచనైపోయింది," అని తనమీద తనే నవ్వుకుంటాడు.

కొనేవాళ్లు చూడటానికి వచ్చే రోజు, యంత్రం బుద్ధిగా ఉంటుందన్న నమ్మకంతో ఆఫీసులో అందరూ యంత్రాల పక్కన పెట్టే చిరుతిండి ప్యాకెట్ తెచ్చాడు. పసుపుదైతే యంత్రం మొండికేస్తుందని నాలుగు దుకాణాలు తిరిగి మరీ ఆకుపచ్చది తెచ్చాడు. భక్తి ఎక్కువై దాన్ని పలక మీదే, ఫ్యాను గాలికి అడ్డంగా ఆనించాడు. వచ్చినవాళ్లు చూస్తుండగానే పలక కాగిపోయి ఆగిపోయింది. పక్క బల్ల యీ-చున్ వచ్చి నెమ్మదిగా ప్యాకెట్ తీసింది. గాలి తగిలి పలక చల్లబడింది, మళ్లీ నడిచింది.

"పలక బంగారంలా ఉంది, అన్నా. మరి దీన్నెక్కడ పెట్టను?" అంది యీ-చున్.

చ్యూ ప్యాకెట్ అందుకుని తన చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

"బుద్ధిగా ఉండాల్సినవాణ్ని నేనేగా."