ఒడిబియ్యంలో ఇంటి పిడికెడు

మా ఆయనకు కోపం వస్తే అరవడు. అరిచినా బాగుండేది, నేనూ రెండు మాటలని తేల్చుకునేదాన్ని. ఆయన మాట్లాడటమే మానేస్తాడు. మా చిన్న కూతురు మఠంలో చేరి సిస్టర్ అవుతానని చెప్పిన రోజు నుంచి ఆ పిల్లతో మాట మానేశాడు. "చారు పొయ్యనా నాయనా?" అని అది అడిగితే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. కావాలంటే చెయ్యి తీసేవాడు. ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణంతా ఆ చెయ్యే.

మా ముత్తాతల కాలంలోనే మావాళ్ళు కతోలికులయ్యారు. అయినా మాది సేద్యం ఇల్లు. పెళ్ళికీ పురుడుకీ ఊళ్ళో తక్కినవాళ్ళు చేసేదే మేమూ చేస్తాం. నా తాళిలో శిలువ ఉంటుంది, వాళ్ళ తాళిలో ఉండదు, తేడా అంతే. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఒడి నింపుతాం. బియ్యం, ఎండుకొబ్బరి, బెల్లం, ఆకువక్క, రవికగుడ్డ కొంగులో పోసి నడుముకు కడతాం. గడప దాటే ముందు పిల్ల వెనక్కి తిరిగి, ఆ బియ్యంలోంచి పిడికెడు తీసి పుట్టింటి చేటలో పోయాలి. ఇంటి సిరి ఇంట్లోనే ఉండాలని.

పిల్ల మఠం మాట ఎత్తినప్పుడు నాకూ నచ్చలేదు. పావగడలో డిగ్రీ చదివించాం. ఏదో ఉద్యోగం చేస్తుంది, నచ్చినవాణ్ణి చూసి పెళ్ళి చేద్దాం అనుకున్నాం. నాలుగు రోజులు నేనూ ముఖం ముడుచుకున్నాను. తరువాత ఆ పిల్ల ముఖంలో నిమ్మళం చూశాను. పరీక్షలప్పుడు గోళ్ళు కొరుక్కునే పిల్ల, జపమాల పట్టుకుని కూర్చుంటే ఎంత కుదురుగా ఉండేదో. దాని సంతోషం యాడుందో దానికి తెలిసింది కదా, అడ్డం పడటానికి నేనెవరు అనిపించింది.

పెద్ద సిస్టర్ ఒకసారి మా ఇంటికి వచ్చింది. మంచి మనిషే, కానీ మాట ఖచ్చితం. "ఇంట్లో అందరూ మనసారా పంపితేనే తీసుకుంటాం. చేర్చుకునే రోజు మళ్ళీ అడుగుతాం. ముఖ్యంగా తండ్రిగారి మాట కావాలి" అంది. మా ఆయన లేచి ఎనుముకు గడ్డి వేయడానికి పోయాడు. అంతకు కాసేపటి ముందే వేసి వచ్చాడు. ఆ రోజు దానికి పండగే.

ఆ తరువాత నాకు దిగులు పట్టుకుంది. ఈ మనిషి నోరు విప్పడు, అక్కడ అడిగితే ఏం చెప్పాలి? పిల్లను మఠం గేటు దాకా తీసుకుపోయి వెనక్కి తీసుకురావాలా? 'ఆయనకు సెలవు దొరకలేదు సిస్టర్, ఇష్టమే' అని ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. పాత్రలు తోముతూ, బట్టలు ఉతుకుతూ వల్లె వేసుకున్నాను. దేవుని ఇంటికి పిల్లను పంపుతూ అబద్ధం వల్లించడమేమిటని సిగ్గుగానే ఉండేది.

పోయే రోజు రానే వచ్చింది. ఆ రోజు మా ఆయనకు రాత్రి డ్యూటీ. దాన్ని పగటికి మార్చుకుని తెల్లారకముందే పోయాడు. వల్లూరు పక్కన సోలార్ పార్కులో ఆయన సెక్యూరిటీ. మేము వేరుశనగ వేసిన చేలు ఇప్పుడు కౌలు కింద కంపెనీ దగ్గరున్నాయి. వాటి మీద ప్యానెళ్ళు పరుచుకున్నాయి. ఆ చేల మధ్యగా పోయే రోడ్డు మీదే ఈయన గేటు. వచ్చిన ప్రతి బండికీ గేటు అడ్డగడ దించి, "యాడికి?" అని అడిగి, జవాబు విన్నాక ఎత్తడం ఆయన పని. ఊరంతటినీ అడుగుతాడు, కన్నకూతుర్ని అడగడు.

ఒడి నింపాలా వద్దా అన్న ప్రశ్నను మా అత్త మొదట్లోనే తుంచేసింది. "మొగుడింటికి పోతే నింపుతాము, దేవునింటికి పోతే నింపగూడదా? ఏం మాటలమ్మా ఇవి!" అంది. పక్కింటి ముత్తైదువలు కూడా వచ్చారు. ఒకామె ఒడిలో బియ్యం పోస్తూ, "పెండ్లికొడుకు యాడుండాడే?" అని ఆటపట్టించింది. మా అత్త గోడ మీది ఏసు పటం చూపించి, "ఆడ. కట్నం అడగడు, అలగడు" అంది. అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి పొలమారింది.

బయట అద్దెకారు డ్రైవరు హారన్ మోగించాడు. "అక్కా, రాహుకాలం వస్తాండాది, బిరీన రాండి" అన్నాడు. రాహుకాలం మాకు పట్టదు గానీ బండి అతనిది. దానికి తోడు అందరి చేతుల్లో ఫోన్లు. ఇటు చూడు, అటు చూడు, అవ్వతో ఒకటి, మాతో ఒకటి. ఆ తొక్కిసలాటలో పిల్లా నేనూ కారెక్కేశాం.

ఊరు దాటి సోలార్ రోడ్డు మీదికి వచ్చాక మా అత్త ఫోను చేసింది.

"ఏమ్మా, పిడికెడు యాడ పోసినారు?"

నేను పిల్ల ముఖం చూశాను. పిల్ల ఒడి చూసుకుంది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

"మర్చిపోయినాము అత్తా. వెనక్కి తిప్పమంటావా?"

"వద్దు వద్దు! ఒడి కట్టుకొని గడప దాటిన బిడ్డ అదే పూట మళ్ళా గడప తొక్కగూడదు. అట్లని ఇంటి బియ్యమంతా ఎత్తుకొని పోనూ గూడదు."

"ముందుకూ పోవద్దు, వెనక్కీ రావద్దు. గాల్లో నిలబడల్లా ఏంది?"

"అరవాకు. దావలో గేటు కాడ వాడుండాడు గదా. వాని చేతిలో పొయ్యండి. పొద్దు మునిగేలోపల వాడే ఇంటికి తెస్తాడు."

ఫోను పెట్టేసింది. ఈ మనిషి చెయ్యి అడ్డం పెడితే? చారుకు పెట్టినట్టు బియ్యానికీ పెడితే, ఆ పిల్ల నవ్వుముఖంతో మఠం గడప ఎక్కగలదా?

గేటు వచ్చింది. అడ్డగడ దించి ఉంది. మా ఆయన అలవాటుగా దగ్గరికి వచ్చి, లోపల మమ్మల్ని చూసి ఆగిపోయాడు. తరువాత డ్రైవరు వైపు మాత్రమే చూస్తూ, "యాడికి?" అన్నాడు.

"నన్నేంది మామా అడుగుతావు, వెనకుండోళ్ళను అడుగు" అన్నాడు డ్రైవరు. ఆ మాటకు నేను అతని రాహుకాలాన్ని క్షమించేశాను.

పిల్ల రెండు చేతులతో ఒడి పట్టుకుని దిగింది. నేనూ దిగి సంగతి చెప్పాను. ఆయన భుజం తడుముకున్నాడు. ఎప్పుడూ ఉండే తువ్వాలు యూనిఫాం వేసిన రోజు ఉండదు. అటూ ఇటూ చూశాడు. నెత్తి మీది టోపీ తీశాడు. లోపలి చెమట ప్యాంటుకు తుడిచి, రెండు చేతులతో టోపీని పిల్ల ముందు పట్టాడు.

పిల్ల ముడి విప్పి పిడికెడు పోసింది. ఇంకో పిడికెడు పోసింది. ఆగలేదు, పోస్తూనే ఉంది. బియ్యం టోపీ అంచు దాకా వచ్చాయి.

"చాల్లేమ్మా. నీకుండనీ" అన్నాడు.

ఇన్నాళ్ళకు ఆయన పిల్లతో అన్న మొదటి మాట అది. పిల్ల చెయ్యి గాల్లోనే ఆగింది.

"యాడికి పోతాండావు పాపా?" అని అడిగాడు. ఆయనకు తెలియదా? ఊరంతటికీ తెలుసు. అయినా అడిగాడు. ఆ ప్రశ్న కోసం ఆ పిల్ల ఎన్నాళ్ళు ఎదురుచూసిందో నాకు తెలుసు.

"మఠానికి నాయనా. సిస్టర్ అయ్యేదానికి."

"ఆడ చలంట. దుప్పటి పెట్టుకున్యావా?"

"పెట్టుకున్యా."

"కడుపునిండా తిను. వాళ్ళు పెట్టినంతే అని ఊరుకోవాకు, అడుగు." చేతుల్లో టోపీ నిండుగా ఉంది, కళ్ళు తుడుచుకునే వీలు లేదు. పిల్ల తన కొంగుతో తుడిచింది. "పోయిరా తల్లీ" అన్నాడు.

తోడు సెక్యూరిటీ అడ్డగడ ఎత్తబోతే, "ఉండప్పా, నేనెత్తుతా" అన్నాడు. టోపీని తీసుకుపోయి గదిలో కుర్చీ మీద ఒరగకుండా పెట్టి, వచ్చి తనే ఎత్తాడు. మేము మలుపు తిరిగేదాకా దించలేదు. వెనకాల ఇంకో బండి హారన్ కొడుతూనే ఉంది.

దారిలో నాకొకటి తట్టింది. పొద్దున పిడికెడు బియ్యం పట్టాల్సిన చేట మా అత్త చేతిలోనే ఉండింది. ఎన్ని పెళ్ళిళ్ళు చేసిన మనిషి! ఆ ఒక్కటీ ఎట్లా మరిచిపోయింది? తరువాత అడిగితే, "వయసైపాయ గదమ్మా" అని వక్క నములుతూ అటు తిరిగింది.

మఠంలో పెద్ద సిస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. మా వెనక ఎవరైనా వస్తున్నారా అని వాకిలి వైపు చూసింది. "నాన్నగారు రాలేదా? ఆయనకు సమ్మతమేనా?" అని అడిగింది.

వల్లించిన అబద్ధం అలవాటు కొద్దీ నా నాలుక చివరికి వచ్చింది. నాకంటే ముందు పిల్ల అందుకుంది.

"మా నాయనే గేటెత్తి పంపినాడు సిస్టర్."

ఏ గేటని సిస్టర్ నా వైపు చూసింది. నేను అవునని తల ఊపాను.