మంట తెలియని చేతులు

మా ముఠాలో పేరమ్మంటే అందరికీ కుళ్ళు. నాకైతే కాస్త ఎక్కువే. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళం మేము. పొద్దున్నే ఆటో ఎక్కితే సాయంత్రం దాకా కాయల గుట్ట ముందే. ఘాటుకు వచ్చే తుమ్ములూ దగ్గులూ నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి గానీ, చేతుల మంట ఎన్నేళ్ళైనా సర్దుకోదు. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా, ఇంటికెళ్ళి చంటిపిల్లను ముట్టుకోవాలంటే భయమే. పేరమ్మకు ఆ బాధ లేదు. అన్నిట్లోకీ ఘాటైన తేజ రకం కాయను కూడా వేరుశనగలు ఒలిచినంత తేలిగ్గా ఒలిచేది.

"చేసీ చేసీ మొద్దుబారిపోయినయ్యి వదినా" అని నవ్వేది.

ఘాటు కాయ వచ్చినప్పుడల్లా మేస్త్రీ బుల్లయ్య ఆ గుట్ట ఆమె ముందే పోయించేవాడు. ఊళ్ళో ఎవరింట్లో పండుమిరప పచ్చడి పెట్టాలన్నా ఆమెకే కబురు. రోటి దగ్గర కూర్చుని మోచేతి దాకా ఎర్రగా పులుముకుని కలుపుతుంటే, అమ్మవారి చలవ ఉందని ముసలాళ్ళు అనేవాళ్ళు. మేమూ నమ్మాం. కారం పండించే ఊళ్ళో చెయ్యి మండకపోతే వరమనుకుంటాం గానీ జబ్బని ఎవరనుకుంటారు?

పేరమ్మ పుట్టిల్లు వినుకొండ దగ్గర ఏదో పల్లె. మా ఊరి పానకాలును చేసుకుని వచ్చింది. పానకాలు మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోసేవాడు. ఒకరోజు ఆ దొంతర కూలి మీద పడింది, అంతే, మనిషి దక్కలేదు. అప్పటికి కూతురు హేమశ్రీ మూడో తరగతి. నలుగురూ పిల్లను కూడా పనికి తీసుకురమ్మన్నారు. పేరమ్మ ఒక్కటే మాట అంది. "నాకు చేతులున్నంత కాలం దాన్ని ఈ గుట్ట ముందు కూర్చోబెట్టను." ఆ మొండితనంతోనే పిల్లను ఇంటర్ రెండో ఏడు దాకా లాక్కొచ్చింది. తర్వాత నర్సింగ్ చదివించాలని ఆశ.

కిందటేడు మాఘమాసంలో షెడ్డు దగ్గర టీ తాగుతున్నాం. స్టీలు గ్లాసులు. మేమంతా కొంగు చుట్టి పట్టుకుంటే, పేరమ్మ వట్టి చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతోంది. గ్లాసు కింద పెట్టేసరికి వేళ్ళ మీద బొబ్బలు. ఎవరి చెయ్యో చూసినట్టు చూసుకుని "ఇదెప్పుడు కాలిందబ్బా?" అంది. నా కుళ్ళు ఎటు పోయిందో గానీ, ఆ క్షణం నుంచీ నాకు భయమే మిగిలింది.

మా ఊరి ఆశా వర్కరు సౌజన్య దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. మోచేతి పైన రాగిరంగు మచ్చ చూసి ఆ పిల్ల మందుల సంచీ తెరిచింది. కాస్త దూది తీసి, కొసను పురి తిప్పింది.

"కళ్ళు మూసుకో అత్తా. ఎక్కడ తగిలిస్తే అక్కడ వేలు పెట్టి చూపించు."

పేరమ్మ కళ్ళు మూసుకుంది. సౌజన్య మచ్చ మీద ఆనించింది. అరచేతిలో ఆనించింది. ఒక్కొక్క వేలి కొసకూ ఆనించింది. పేరమ్మ ఉలకలేదు, పలకలేదు. కాసేపటికి విసుక్కుంది.

"ఇంకా మొదలుపెట్టవేంటే? ఆటో వెళ్ళిపోద్ది."

అప్పటికే సౌజన్య దూది పక్కన పడేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ శ్రీరమ్య గారు అదేనని తేల్చింది. కుష్ఠు. మా ఊళ్ళో ఆ మాట అనరు, పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. ఆవిడ మంచిది, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఏడాది పాటు బిళ్ళలు మింగితే పూర్తిగా నయమవుతుంది, బిళ్ళలు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు. ఒక్క విషయంలోనే జాగ్రత్త.

"మధ్యలో నరాలు వాచవచ్చమ్మా. మోచేతి దగ్గర నొప్పి గానీ, వేళ్ళలో పట్టు తగ్గడం గానీ మొదలైతే వెంటనే రండి. దానికి వేరే బిళ్ళలుంటాయి. అప్పుడే వేస్తే వేళ్ళు దక్కుతాయి. ఆలస్యమైతే వంకరపోతాయి, ఇంక తిరిగి రావు."

ఆ సాయంత్రం పేరమ్మ చేసిన పని మాత్రం ఏ డాక్టరూ చెప్పింది కాదు. ఇంటికి రాగానే గుప్పెడు తేజ కాయలు తీసి హేమశ్రీ చేతుల్లో పోసి, నలపమంది. పిల్ల బిత్తరపోయి నలిపింది. రెండు నిమిషాల్లో కెవ్వుమంటూ కుండ దగ్గరికి పరిగెత్తింది.

"మండుతుందా? నిజంగా మండుతుందా?" అంటూ వెంటపడి అడిగింది పేరమ్మ. అడుగుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తిడదామని నోరు తెరిచిన నేను పిల్ల చేతులకు మజ్జిగ తెచ్చాను.

జిల్లా నుంచి ప్రేమదాసు అని ఒకాయన నెలకోసారి స్కూటరు మీద వచ్చేవాడు. ఈ జబ్బు పనే ఆయన పని. పేరమ్మ వేళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి లాగి పట్టు చూసేవాడు. నూనె రాసి వేళ్ళు సాగదీయడం నేర్పాడు. నరాల వాపుకు వేసే బిళ్ళలు కూడా ఆయన సంచీలోనే వచ్చేవి. "ఇంకా నాతో కుస్తీ పట్టగలవమ్మా" అని నవ్వించి పోయేవాడు. సౌజన్య నెలనెలా తెచ్చిచ్చే ఏడాది బిళ్ళలకు ఆమె ఒళ్ళు నల్లబడింది. ముఠాలో అడిగితే ఎండ అంది. సంగతి నాకూ సౌజన్యకూ తప్ప బయట తెలియదు. తెలిస్తే కాయల గుట్ట దగ్గరికి రానిస్తారా?

మార్చి ఆఖరుకి ఈ జబ్బు కోసం సర్కారు పెట్టిన పథకం గడువు అయిపోయిందట. ఇలా విడివిడిగా కాకుండా అన్ని జబ్బులనూ ఒకేచోట చూసే కొత్త విధానం తయారవుతోందట. అది వచ్చేదాకా పాతదాన్నే పొడిగించారని సౌజన్య చెప్పింది. పోన్లే, ఆపలేదు కదా అనుకున్నాం. చుట్టాలొస్తే ఉన్న పులుసులోనే నీళ్ళు పోస్తాం చూడండి, ఇదీ అలాంటిదేనని మాకేం తెలుసు. మీటింగులు పొడిగించారు, ఫోటోలు పొడిగించారు. ప్రేమదాసు చివరిసారి వచ్చి వెళ్తూ అన్నాడు.

"పథకాన్ని పొడిగించారు గానీ నన్ను పొడిగించలేదమ్మా. నొప్పి వస్తే మాత్రం ఊరుకోవద్దు."

రోహిణి కార్తెలో నొప్పి వచ్చింది. మోచేతి దగ్గర కరెంటు పెట్టినట్టుందని చెప్పింది. స్పర్శే లేని చేతికి నొప్పి మాత్రం ఎలా వచ్చిందో, దేవుడి లెక్కలు నాకర్థం కావు. కూలి మానుకుని ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ కొత్త విధానం మీద ట్రైనింగుకి వెళ్ళింది. నర్సు మామూలు నొప్పి బిళ్ళలిచ్చింది. నరాల వాపు బిళ్ళలు బయట కొంటామన్నాను. "డాక్టరు చూసి రాయందే వేసుకోకూడదండి, ప్రాణం మీదికొస్తుంది" అంది. పాపం, ఆ పిల్ల తప్పు లేదు.

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ ట్రైనింగే. ఆ తర్వాత వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఉంది. చెయ్యి పట్టుకుని చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. లోపలికెళ్ళి వాళ్ళనీ వీళ్ళనీ ఫోన్లలో గట్టిగా అడిగింది. మందులు పాత పద్దు కింద అడిగితే మూసేశామన్నారు, కొత్త పద్దు ఇంకా తెరవలేదన్నారు. చేతి పట్టు సరిగ్గా కొలవకుండా పెద్ద మోతాదు మొదలుపెట్టడం ప్రమాదమని, జిల్లా క్లినిక్కుకు చీటీ రాసిచ్చింది. బస్సు మారి వెళ్ళాం. ఆ గదికి తాళం ఉంది. కొత్త విధానంలో కలుపుతున్నాం, త్వరలో తెరుస్తాం అని తలుపుకి కాగితం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారే లేడు. నేను ఆ తలుపును కాలితో తన్నాను. పేరమ్మ నన్ను పక్కకు లాగింది.

ఆ తాళం తియ్యకుండానే నెలలు గడిచాయి. ముందు చిటికెనవేలూ ఉంగరపువేలూ లోపలికి ముడుచుకున్నాయి. తర్వాత బొటనవేలు పట్టు తప్పింది. గుట్ట ముందు కూర్చుంటే కాయ జారిపోయేది. మళ్ళీ తీసేది, మళ్ళీ జారేది. నేను నా కాయలు కొన్ని ఆమె గంపలోకి తోసేదాన్ని, ఆమె వాటిని తిరిగి తోసేసేది. బుల్లయ్య చెడ్డవాడేం కాదు. "కొన్నాళ్ళు రెస్టు తీసుకో పేరమ్మా" అన్నాడు. మా పనిలో రెస్టంటే ఇంక రావద్దని.

కార్తీకమాసంలో కొత్త విధానం వచ్చింది. ఆసుపత్రికి రంగులేశారు, బ్యానరు కట్టారు. సౌజన్య కబురు పెడితే వెళ్ళాం. డాక్టరమ్మ బల్ల మీద మందుల పెట్టెలు పేర్చి ఉన్నాయి. అందులో మేము అన్నాళ్ళూ తిరిగిన బిళ్ళలు కూడా ఉన్నాయని ఆవిడే చూపించింది.

"ఇప్పుడు వేస్తారా అండీ?" అని అడిగింది పేరమ్మ.

డాక్టరమ్మ ఆ వంకర వేళ్ళను ఒక్కొక్కటీ తెరవడానికి చూసింది. వదిలితే మళ్ళీ ముడుచుకున్నాయి.

"వీటికి కాలం దాటిపోయిందమ్మా. ఏడాది బిళ్ళలు మాత్రం మానలేదుగా, మంచి పని చేశావు. ఇంకొన్నాళ్ళలో జబ్బు నయమైపోతుంది."

"మరి ఈ చెయ్యి?"

"అది జబ్బు కాదు. జబ్బు పోతూ వదిలేసిన గుర్తు." ఆవిడ ఆ పెట్టెలను మా కంటికి కనపడకుండా పక్కకు జరిపింది. నాకు జాలి కలగలేదు. ఎవరి మీదా కలగలేదు ఆ రోజు.

పేరమ్మ ఇంటికి వచ్చి రెండు రోజులు గడప దాటలేదు. తల్లీ కూతుళ్ళ మధ్య ఏం జరిగిందో నేను చూడలేదు. హేమశ్రీ అరుపులు మాత్రం మా ఇంటిదాకా వినిపించాయి. చదువు మానొద్దని తల్లి అరవాల్సింది. అరుస్తున్నది పిల్ల. తల్లిని పని వెతుక్కోవడానికి వెళ్ళొద్దని, తాను వెళ్తానని.

సోమవారం పొద్దున ఆటో వచ్చింది. హేమశ్రీ తలకు తువ్వాలు చుట్టుకుని, అన్నం గిన్నె పట్టుకుని ఎక్కింది. నేను జరిగి చోటిచ్చాను. పేరమ్మ ఆటో దాకా వచ్చి, చేతులు కొంగు కింద దాచుకుని నిలబడింది.

"వదినా, ఈ ఒక్కరోజుకి ఘాటు తక్కువ కాయ ఇప్పించమని మేస్త్రీకి చెప్పు."

చెప్పాను. బుల్లయ్య సరేనన్నాడు కూడా. కానీ ఆ పొద్దున దిగిన లారీ నిండా తేజ రకమే ఉంది.