సున్నం కొట్టిన బొమ్మరిల్లు

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని, మజ్జిగ తాగి, "రవ్వసేపు నడుం వాలుస్తా" అని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆ రోజు నేను పులివెందులలో మా అమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పోయింది, నువ్వు రా" అని పెట్టేశాడు. పొద్దుటూరు బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరెంత చెప్పినా ఒక్కమాటకు ఒప్పుకునే మనిషి కాదు కదా, ఈ ఒక్క పిలుపుకు మాత్రం ఎదురు మాట్లాడకుండా ఎట్లా వెళ్ళిపోయిందని.

ఇల్లు చేరేసరికి మెట్ల నిండా చెప్పులు. చివరి చూపుకు వచ్చిన ఆడవాళ్ళు ఆమె కాళ్ళకు దండం పెట్టి, కళ్ళు తుడుచుకుని, మెల్లగా నా పక్కకు జరుగుతున్నారు. "పాపా, ఏమనుకోవాకు. ఆ ఇల్లు యాడుండాది? ఒకసారి చూసిపోతాం" అని చెవిలో అడుగుతున్నారు. శవం లేవని ఇంట్లో అట్లా అడగొచ్చా అన్న మొహమాటం వాళ్ళ ముఖాల్లో కనిపిస్తూనే ఉంది. నాకు అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు, గర్వంతో. పైగదిలో ఉంది చూసిరండి అని చెప్పి పంపించాను.

వాళ్ళడిగింది మేము కాపురముండే ఇల్లు కాదు. మా అత్త తన చేతులతో కట్టిన బొమ్మరిల్లు. పీట మీద పెడితే నడుమెత్తు వస్తుంది. ఏటవాలుగా దిగిన కప్పు, కప్పులోంచి పైకి లేచిన పొగగొట్టం, పైన గుండ్రంగా తిరిగిన తలుపు, తలుపు చుట్టూ అల్లుకున్న తీగ. పిల్లల కథల్లో అడవి మధ్యన ఒంటరిగా ఉంటుందే, అట్లాంటి కుటీరం. ఈ ఊళ్ళో అందరివీ బల్లపరుపు మిద్దెలే. అట్లాంటి ఇంటిని మా అత్త ఒక్కనాడూ కళ్ళారా చూసి ఎరగదు.

చూసిందల్లా ఒక బిస్కెట్ల డబ్బా మూత మీద బొమ్మ. మాది బట్టల వ్యాపారం, కింద అంగడి, పైన కాపురం. ఎప్పుడో ఒక దీపావళికి బొంబాయి ఏజెంటు మా మామకు ఆ డబ్బా ఇచ్చాడట. బిస్కెట్లు ఒక్క పూటలో అయిపోయాయి, డబ్బా మాత్రం ఎండుమిరపకాయలకు కుదురుకుంది. నేను కోడలిగా వచ్చేనాటికి మూత అంచులు తుప్పు పట్టాయి, బొమ్మ మీద మాత్రం గీత పడలేదు. మిరపకాయలు తీసిన ప్రతిసారీ ఆమె మూతను పైటకొంగుతో తుడిచి పెట్టేది.

"ఈ ఇల్లు కడతా పాపా" అంది ఒకరోజు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారత్తా, మాటలా?" అన్నాను.

"పెండ్లిండ్లు చేసి చూసినా. ఇంగ ఇల్లొకటే మిగిలింది" అంది.

నేను నవ్వేశాను గానీ ఆమె నవ్వలేదు. దానికి కారణం జమ్మలమడుగులో ఉంది.

జమ్మలమడుగులో మా పెద్దత్త, అంటే మా అత్తకు సొంత అక్క. వాళ్ళది ఇత్తడి సామాన్ల అంగడి. దసరా వచ్చిందంటే ఆమె పెట్టే బొమ్మల కొలువు చూడటానికి పక్కనున్న మైలవరం నుంచి కూడా జనం వస్తారు. మా అత్త ఏటా బస్సెక్కి పోయి, అక్క కొలువు ముందు కూర్చుని, పాటొకటి పాడి, తాంబూలమూ గుగ్గిళ్ళూ తీసుకుని వచ్చేది. అక్క మాత్రం పండక్కి మా గడప తొక్కింది లేదు. ఒక ఏడు, నేను కూడా వెంట పోయినప్పుడు, మా అత్త అందరి ముందూ నోరు తెరిచి పిలిచింది. పెద్దత్త పకపకా నవ్వి, "మీ ఇంట్లో ఏముందే చూసేదానికి, గుడ్డ తానులు తప్ప?" అనింది. చెడ్డమనిషి కాదు, అక్కగా పుట్టిన చనువు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అత్త కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఊరు వచ్చాక దిగుతూ, "వచ్చే దసరాకు మాయక్క మనింటికి రావాల పాపా. వచ్చి వంగి చూడాల" అంది. అంతే. ఆ మాట మీదే ఆ ఇల్లు లేచింది.

పొద్దున పని అంతా అయ్యి, మామకు కిందికి క్యారియర్ పంపించాక, పైగదిలో తానుల మధ్య చాప వేసుకుని కూర్చునేది. తానుల లోపల బిగింపు కోసం పెట్టి పంపే పలకలే గోడలు. చీరల పెట్టెల మూతలకుండే, లోపలిది కనిపించే మెరుపు కాగితం కిటికీ అద్దాలు. చీపురు పుల్లలు కంచె. దారపు రీలు పొగగొట్టం. తలుపు పిడి దగ్గర మాత్రం ఆగిపోయింది. పూస పెట్టి చూసింది, గుండీ పెట్టి చూసింది, ఏదీ కంటికి ఆనలేదు. చివరికి తన పాత గొలుసులోంచి ఒక బంగారు గుండు ఊడదీసి అతికించింది. మా మామ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"బొమ్మకు బంగారమా? మతి ఉండాదా నీకు?"

"ఈదికొక బంగారం అంగడుండే పొద్దుటూర్లో ఇల్లన్యాక రవ్వంత బంగారం లేకుంటే ఎట్ల?" అంది ఆమె.

ఆయన ఊరుకోలేదు. "ముసిలితనంలో ఈ బొమ్మలాట ఏందే? అంగడి కాడ అందరూ నవ్వుతాండారు" అన్నాడు.

"నవ్వనీ. నవ్వుకుంటా వచ్చినోళ్ళు ఒక గజం గుడ్డన్నా ఎక్కువ కొనుక్కుంటారు" అంది తలెత్తకుండా. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మామ గెలవాలని ప్రయత్నించేవాడు, అదే ఆయన గొప్ప.

ఇక కప్పు సంగతి. డబ్బా మీది బొమ్మలో కప్పంతా తెల్లగా ఉంది. అది చూసి మా అత్త ఏమనుకుందో తెలుసా? సున్నం అనుకుంది! మా వైపు ఎండలు ఎరిగినవాళ్ళకు ఇది వింత కాదు. ఫాల్గుణం దాటితే చాలు, కాస్త ఓపికున్న ప్రతివాళ్ళూ మిద్దె మీద సున్నం కొట్టిస్తారు, కింద చల్లగా ఉంటుందని. "చూడు పాపా, ఆ దేశమోళ్ళకు గూడా మన మాదిరే ఎండలు. ఎంత మందంగా కొట్టుకున్యారో" అని జాలిపడింది.

"సున్నం కాదత్తా, మంచు" అన్నాను.

"చీనీకాయల తోటల ఊరిదానివి, నీకేం తెలుసు మంచు?" అంది. ఫోన్‌లో చూపించాను. కొండలూ ఇళ్ళూ మంచులో మునిగిపోయిన బొమ్మలు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది. రాత్రి అన్నాలప్పుడు పచ్చడి వడ్డిస్తూ తేల్చి చెప్పింది. "వాళ్ళ ఊర్లో మంచు పడితే పడనీ. ఇది మనూర్లో ఇల్లు. మనూర్లో సున్నమే."

చెప్పినట్టే గుల్లసున్నం నానబెట్టింది. అట్టలతో చేసిన కప్పు మీద చిక్కగా, మిద్దెకు కొట్టినట్టే కొట్టింది. అట్ట తడిని పీల్చుకుని వంగిపోయింది. దీపాలవేళకు కప్పు మొత్తం కూలి, ఒక గోడను కూడా వెంట తీసుకుపోయింది. దసరా దగ్గర పడుతోంది. ఈ ఏడుకు ఇక లేనట్టే అనుకున్నాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఆ శిథిలం చుట్టూ ఒకసారి తిరిగింది. "వానకు పడిన ఇండ్లు చూసినా గానీ సున్నానికి పడిన ఇల్లు ఇదే" అని తనే నవ్వింది. ఆ నవ్వులో కన్నీళ్ళు కూడా ఉన్నాయి, నేను చూశాను.

"తెల్లరంగు వేసుకుందాం అత్తా, తేలిగ్గా ఉంటుంది. దూది అంటించినా సరే" అన్నాను.

"రంగేస్తే సల్లగుంటాదా?" అంది.

బొమ్మరింట్లో ఎవరికి చల్లగా ఉండాలి? ఆ ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది, మింగేశాను. ఆమె అడిగింది ఆటకు కాదు. ఇల్లంటే ఇల్లే. ఎవరూ లేకపోయినా లోపల చల్లగా ఉండాల్సిందే.

మర్నాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఆమె గబుక్కున ఆగింది. గంజి పెట్టిన మామ పంచె దండెం మీద రేకులాగా బిగుసుకుని ఉంది. "చూడు పాపా! మీ మామ లోపల లేకున్నా ఎట్ల నిలబడుకోనుండాదో!" అని అరిచింది. అంతే, పాత పంచెలు నాలుగు మాయమయ్యాయి. మైదాపిండి జిగురు కాచి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, వరసమీద వరస గుడ్డ అతికిస్తూ పోయింది. మా ఊరి ఎండ గురించి అందరూ తిట్టేవాళ్ళే గానీ, ఆ వారం అది మా ఇంటి మనిషిలాగా పనిచేసింది. ఎండిన కప్పును వేలితో తడితే పలకలాగా మోగింది. దాని మీద సున్నం పల్చగా ఒక పూత, ఆరాక ఇంకొక పూత. కప్పు చెక్కుచెదరలేదు. ఆమె కేక వేస్తే కింద అంగట్లో కొలుస్తున్న గుడ్డ వదిలేసి మామ పైకి పరుగెత్తుకొచ్చాడు, ఏమైందో అని. ఇల్లు నిలబడి ఉంది. దాని పక్కన మా అత్త, చేతులకు సున్నంతో, పెళ్ళికూతురిలాగా. ఇప్పుడు, ఆమె పోయాక, పలకరించడానికి వచ్చినవాళ్ళకు ఆయనే చూపిస్తున్నాడు. "కప్పు నా పంచెలే" అని మరీ మరీ చెప్తున్నాడు.

అంతా అయ్యాక నేనొక తప్పు పట్టాను. "అత్తా, వంటిల్లు మర్చిపోయినావు."

"మర్సిపోలేదు" అంది.

"మరి పొగగొట్టం ఉంది గదా?"

"అది పొగ పోయేదానికి గాదు. గాలి వచ్చేదానికి."

మీరూ నవ్వుతారని తెలుసు. నేను కూడా నవ్వాను, తర్వాత పొయ్యి మీది పాలు దించడానికి లేచిపోయాను.

ఆ దసరాకు మా ఇంట్లో మొదటిసారి కొలువు పెట్టాం. మూడే మెట్లు, నాలుగు బొమ్మలు, వాటి ముందు ఈ ఇల్లు, చుట్టూ ఆవాలు చల్లి మొలకెత్తించిన పచ్చిక. రెండో రోజు మా అత్త జమ్మలమడుగు పోయి అక్కను పిలిచింది. "కొలువు పెట్టినిల్లు ఇడ్సిపెట్టి యాడికొచ్చేదే?" అన్నదట పెద్దత్త. మా అత్త ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "సరే, కానీ" అంది.

దసరాకు పొద్దుటూరు ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. ఆ జనంలో ఒకరు చూశారు, ఇద్దరు చూశారు, నాలుగో రోజుకు మా మెట్ల కింది దాకా వరస. మా వీధికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఆఫీసరు భార్య, కోస్తా ఆవిడ, "అబ్బ, పైన స్నో ఎంత బాగా చేశారండీ!" అని మురిసిపోయింది. "స్నో గాదమ్మా, సున్నం. ఏప్రిల్‌లో వచ్చి లోపల చెయ్యి పెట్టి చూడు" అంది మా అత్త. పండగ చూసి తిరిగిపోయిన జమ్మలమడుగు ఆడవాళ్ళు నేరుగా పెద్దత్త కొలువుకే పోయి, ఆమె గుగ్గిళ్ళు తింటూ మా ఇంటి గురించి మాట్లాడారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఏడో రోజు సాయంత్రం మెట్ల మీద గోల సద్దుమణిగింది. చూస్తే పెద్దత్త! చెప్పా పెట్టకుండా, ఆటో కట్టించుకుని, పట్టుచీరలో, ఆయాసపడుతూ. వరసలో ఉన్నవాళ్ళు దారి ఇచ్చారు. మా అత్త పక్కనున్న నా చెయ్యి నలిపేసింది. అయినా లేవలేదు. ఆ ఇంటి వెనక, చాప మీద, రాణిలాగా కూర్చునే ఉంది.

పెద్దత్త నిలబడే చూసింది. తలుపు చూసింది, తీగ చూసింది. కప్పు దగ్గర ఆగింది.

"ఏమే, సున్నం కొట్టినావా?"

"ఊ."

"మంచిపని. ల్యాకుంటే ఎండకు లోపల ఉండలేరు."

అన్ని రోజుల్లో అంతమంది చూశారు, చదువుకున్నవాళ్ళు చూశారు. అందరూ మంచు అన్నవాళ్ళే. చూడగానే సున్నం అన్నది ఆమె ఒక్కతే. మా అత్త ముఖం చూడాలి మీరు! ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఊరేగింపులో కూడా అంత వెలిగిపోరు.

అప్పుడు పెద్దత్త చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, అబ్బా అమ్మా అంటూ కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, కిటికీలో కన్ను పెట్టింది. వెనకవైపు కిటికీలో మా అత్త కన్ను పెట్టింది.

"ఎవురే అది లోపల?" అంది పెద్దత్త.

"నేనేక్కా. రా, తలుపు తీసే ఉండాది."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళు, గాజులు గలగలమంటుంటే, ఒకరి కన్ను ఒకరు చూసుకుంటూ చిన్నపిల్లల్లాగా నవ్వుతున్నారు. మధ్యలో, ఎవరూ లేని ఆ ఇంట్లో, దారంతో వేలాడదీసిన చిన్న ఉయ్యాల వాళ్ళ నవ్వుల గాలికి అటూ ఇటూ ఊగుతోంది.