సమాధి మీద వాము ఆకు

పక్కింటి గోడకు సున్నం వేస్తున్నారు. ఆ తడి వాసన కిటికీలోంచి రాగానే రూతమ్మ టీచర్ గారు గుర్తొచ్చారు. అనకాపల్లిలో మా వీధి చివరే ఆవిడ ఇల్లు. నాకు సండే స్కూల్లో పాఠాలు చెప్పారు. గొంతు కటువే గానీ మనసు వెన్న అనేవారు అందరూ. నాకు మాత్రం చాలాకాలం ఆ గొంతే వినిపించింది.

అమ్మ పోయాక సమాధి కట్టించి, పైన మొక్కల కోసం నాలుగు వేళ్ల లోతున సిమెంటు తొట్టిలా వదిలాం. అమ్మకి మొక్కలంటే ప్రాణం. బంతి నాటాను, చచ్చింది. గులాబీ నాటాను, మాడిపోయింది. ఏది ఎండినా అమ్మ మళ్లీ పోయినట్టే ఉండేది. జబ్బులో అమ్మని సరిగా చూసుకోలేదేమో, నా చేతిలో ఏదీ బతకదేమో అన్న భయం లోపల తిష్ఠ వేసుకుంది. అమ్మ పోయాక నాన్న కూడా దిగులుతో ముడుచుకుపోయారు. పెట్టింది తినడమే తప్ప, ఇది కావాలని నోరు తెరిచి అడిగేవారు కాదు.

అమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక దగ్గరపడ్డాక ఒకరోజు, నా చేత్తో నాటిందేదీ బతకడం లేదని చెబితే టీచర్ గారు నాతో సమాధుల తోటకి వచ్చారు. నాన్న అప్పటికే సమాధికి సున్నం వేస్తున్నారు. ఏటా కూడికకి ముందు అలా తెల్లగా చేయడం మా వాళ్లందరి అలవాటు. ఆవిడ తొట్టిలో వేలు పెట్టి, తెల్లబారిన మట్టి తీసి చూపించారు.

"ఏటన్నయ్యా ఇది? మొక్కలకి నీళ్లు పోసేరా, సున్నం తాగించేరా?"

"సున్నం ఎయ్యకపోతే నలుగురూ ఏటనుకుంటారు టీచరమ్మా?" అన్నారు నాన్న, కుంచె వదలకుండానే.

"గోడలకి ఎయ్యండి. అంచు మీద ఎందుకు? కారిందంతా లోపలికే దిగిపోతంది. నీరు పోడానికి దారి కూడా లేదు." నా వైపు తిరిగారు. "నీ చేతిలో దోషం ఏటీ లేదే పిచ్చిదానా. తప్పు తొట్టిది."

అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఎన్నాళ్ల బరువో దిగిపోయింది.

టీచర్ గారు ఆ మట్టంతా తీయించారు. తొట్టి గోడకి అడుగున బెజ్జం కొట్టించి, ఇటుక ముక్కలు పలచగా పరిపించి, ఇసుక కలిపిన మట్టి పోయించారు. వాళ్ల పెరటి నుంచి వాము ఆకు కొమ్మలు తెచ్చి, పడుకోబెట్టి నాటించారు.

"దీనికి లోతు అక్కర్లేదు. కణుపు తగిలిన చోటల్లా వేరేత్తది. మట్టి ఎండేకే నీళ్లు పొయ్యి. జాలిపడి పోత్తే కుళ్లిపోద్ది."

వానలు వెళ్లేసరికి తొట్టి కనిపించకుండా పాకేసింది. అంచు దాటిన కొమ్మలు తుంచుకుని టీచర్ గారు తిన్నగా మా వంటింట్లోకి వచ్చి శనగపిండి కలిపారు.

"సమాధి మీది ఆకు తింటామా టీచర్ గారూ?" అన్నాను బిత్తరపోయి.

"మీ యమ్మ ఎవరినైనా తినకుండా పంపిందేటి? తుంచితేనే గుబురుగా వత్తది."

నాన్న ఒక బజ్జీ తిన్నారు. పళ్లెం ముందుకు జరిపారు. "ఇంకో రెండు ఎయ్యమ్మా," అన్నారు.

టీచర్ గారు ఇప్పుడు లేరు. ఏదైనా చెడిపోతే ముందు నన్ను నేను తిట్టుకోవడం మాత్రం ఆవిడ ధర్మమా అని మానేశాను. అమ్మ గురించి ఇప్పుడు గొంతు తగ్గించకుండానే మాట్లాడతాను. నాన్న ఆకలేస్తోందంటే చాలు, ఇప్పటికీ నా ప్రాణం కుదుటపడుతుంది.