ఇద్దరికీ ఒకే కంప్యూటరు

మొన్న ఆదివారం కోయంబత్తూరు సింగానల్లూరులోని మా ఇంట్లో, కృత్రిమ మేధ చదువుతున్న మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కాలేజీ పని ముందేసుకుని కూర్చుంది. ఏం కావాలో నోటితో చెబితే చాలు, ప్రోగ్రాం మొత్తం తెర మీదికి వచ్చేస్తోంది. వెనక నిలబడ్డ నేను నాకు తెలియకుండానే చివరి బ్రాకెట్లను తెలుగులో లెక్కపెడుతుంటే, అవన్నీ అదే చూసుకుంటుంది, నీకెందుకమ్మా అని తమిళంలో అంటూ నవ్వింది.

మా రోజుల్లో ఆ సబ్జెక్టు చదివినవాళ్ళకు ఆ బ్రాకెట్ల గోల గుర్తుండే ఉంటుంది. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలి, ఒక్కటి తప్పినా మెషీను మొరాయిస్తుంది. కోయంబత్తూరులో మా యూనివర్సిటీ ల్యాబు బయట చెప్పులు విడిచి ఆ చల్లటి గదిలోకి వెళ్తే ఇద్దరికీ ఒకే కంప్యూటరు. ఒకరు కాగితం చూసి చదవాలి, ఇంకొకరు టైపు కొట్టాలి. చిన్నమనూరు ద్రాక్షతోటల నుంచి వచ్చిన నాకు మదురై మిల్లు కార్మికుడి కూతురు జంటగా పడింది. మొదట్లో బెదురుబెదురుగా తమిళంలోనే మాట్లాడుకునేవాళ్ళం. ఒకనాడు ఆ పిల్ల బ్రాకెట్ల మీద వేలు పెట్టి, “ఒగటి, రెండు, మూడు” అని నోట్లో గొణుక్కుంటుంటే నా చేతులు ఆగిపోయాయి. ఏ భాషలో చదువుకున్నా లెక్క మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది కదా.

“ఏమే, మీ ఇంట్లోనూ తెలుగేనా?” అన్నాను.

“అవునే. చర్చికి పోతే అక్కడంతా తమిళమే గానీ ఇంట్లో ఇదే మాట,” అంది.

ఇక ఆ గదిలో మా ఇద్దరి నోటికీ అడ్డు లేకపోయింది. ఇద్దరికీ తెలుగు చదవడం రాదు (నేను అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయ్యాకే, అదీ సొంతంగా), మాటలు మాత్రం బోలెడు. ప్రశ్నలడిగి ద్రాక్షతీగ తెగులేమిటో చెప్పే ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాం. అది నడిస్తే పైచదువు చదివి అక్కడే పాఠం చెబుతానని ఆమె ఆశ. ఆఖరి ఏడాదికి ముందు వాళ్ళ నాన్న మిల్లు మూతపడింది. చదువు మానొద్దని బస్టాపులో చెయ్యి పట్టుకుని బతిమాలాను. “ఇంట్లో పొయ్యి వెలగాల గదే,” అని బస్సెక్కేసింది. తర్వాత వచ్చిన జంట మంచి పిల్లే, ప్రోగ్రామూ నడిచింది, అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పోయినేడు మదురై మాట్టుతావణి బస్టాండులో ఆమె ఎదురుపడింది. చుట్టూ మా వాళ్ళూ వాళ్ళ వాళ్ళూ ఉండగా, చేతులు పట్టుకుని ఉన్న కాసేపూ తమిళంలోనే మాట్లాడుకున్నాం. మన ప్రోగ్రాం నడిచిందా అని అడిగింది. నడిచిందన్నాను. బస్సు కదిలాక గాని తట్టలేదు, ఒక్క తెలుగు మాటైనా అనుకోలేదని.

ఈ కాలపు పిల్లలకు ఎవరి మెషీను వాళ్ళకుంది, పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషితో పనిలేదు. వాళ్ళ అదృష్టానికి సంతోషమే. కానీ మా ఆయనకు తెలుగు రాదు, మా అమ్మ పోయాక నాతో ఆ భాషలో మాట్లాడేవాళ్ళు ఇంట్లో లేరు, ఆ పిల్ల గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటుంది. బస్టాండులో తీసుకున్న ఆమె నంబరు నా ఫోనులోనే ఉంది. నేను తెలుగులో పలకరిస్తే ఆమె తమిళంలో బదులిస్తుందేమోనన్న భయంతో ఇంకా ఫోను చేయలేదు.