మేడం గూడా ఎరుపే!

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నీకింకా రాలేదని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. నిజమే, నేను చెప్పబోయేది జరిగి పట్టుమని పదేళ్ళు కాలేదు. కానీ బడిలో పనిచేసేవాళ్ళకు కాలం వేరే లెక్కన నడుస్తుంది. నిన్నగాక మొన్న ముక్కు కారుస్తూ ఏడ్చిన పిల్లవాడు ఇవాళ బస్టాండులో మీసం సవరించుకుంటూ 'నమస్తే మేడం' అంటాడు. అందుకని ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. కొత్త ఉద్యోగం, గంజి పెట్టిన రెండు నేత చీరలు, లోకంలో ఉన్న అన్యాయాన్నంతా ఒక్క తరగతి గదితో మొదలుపెట్టి తుడిచేయగలనన్న నమ్మకం ఉండేవి. చీరలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

మా బడి బుక్కరాయసముద్రం దాటి బస్సు దిగి, వేరుశనగ చేల మధ్య రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే చిన్న ఊళ్ళో ఉండేది. ఉన్నది ఇద్దరం. హెడ్మాస్టరును ఊరంతా పెద్దసారు అనేది. చిన్న తరగతులు ఆయనవి, నాలుగూ ఐదూ నావి. నాది తాడిపత్రి. నాయన బండల ఫ్యాక్టరీలో పాలిష్ పనివాడు. నేను చదువుకున్న బడిలో అంగళ్ళవాళ్ళ పిల్లలు ముందు బెంచీల్లో కూర్చునేవారు, మేము వెనక. ప్రశ్న ముందు బెంచీలన్నీ తిరిగి నా దాకా వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. తరువాత ట్రైనింగు కోసం కోస్తా వైపు పోయాను. అక్కడ హాస్టల్లో మొదటిరోజే 'బక్కెట్టు యాడుండాది?' అని అడిగిన పాపానికి, ఆ ముక్క మళ్ళీ అను, మళ్ళీ అను అంటూ గదిగదికీ తిప్పారు (నవ్వుతూనే తిప్పారు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అదే బాధ). ఆరు నెలల్లో మా నాయన బండలకు చేసే పనిని నేను నా నాలుకకు చేసుకున్నాను. గరుకు పోయి, అవతలివాళ్ళ ముఖం కనబడేంత నున్నగా తయారైంది. ఆ నున్నటి నాలుకతోనే ఉద్యోగంలో చేరాను.

చేరిన ఏడాదే బడికి పది ట్యాబులు వచ్చాయి. పిల్లవాడు తెరమీది కథను పైకి చదవాలి, ట్యాబు వింటుంది, విని బాగా చదివితే ఆకుపచ్చ, ఓమాదిరైతే పసుపు, రాకపోతే ఎరుపు చూపిస్తుంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. దీనికి కళ్ళు లేవు కదా! ఎవరి చొక్కా చిరిగింది, ఎవరి నాన్నకు అంగడి ఉంది, ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారు, ఏదీ చూడదు. నా దాకా రాని ప్రశ్న ఇక ప్రతి పిల్ల దగ్గరకీ వస్తుంది. పెద్దసారుకు ఇదంతా ఆవేశంగా చెప్పాను. ఆయన ట్యాబును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మా, అంటే ఇది పిలకాయల్ని చూడకుండానే మార్కులేస్తాదా?" అన్నారు.

"అవును సార్. అందుకే అది న్యాయం."

"చూడకుండా ఏసేది న్యాయమెట్లవుతాదమ్మా?" అని ఆయన నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. పాతకాలం మనిషి కదా అని జాలిపడి ఊరుకున్నాను.

నా ఐదో తరగతిలో వార్తలు అని ఒక పిల్ల ఉండేది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఎవరి గేదె ఈనిందో, ఎవరి బోరులో నీళ్ళు పడలేదో, ఎవరింట్లో పెళ్ళివారు కాఫీ తాగకుండా లేచిపోయారో, ప్రార్థన ముగిసేలోగా బడి మొత్తానికి తెలియజేసేది. పుస్తకం చదివినా అంతే. కళ్ళు రెండు వరుసలు ముందు పరిగెత్తేవి, నోరు వెనకాల వచ్చేది. ఇదే తరగతిలో నిదానం అని ఒక పిల్లవాడు. అక్షరం తర్వాత అక్షరం, దాని తర్వాత కొమ్ము, దాని తర్వాత ఒక నిట్టూర్పు. 'కుం... దే... లు' అని చదివేసరికి కుందేలు అడవి దాటిపోయేది.

పరీక్షరోజు వార్తలును ముందు పిలిచాను. తెరమీద 'అడవిలో ఒక కుందేలు ఉంది. అది ఎక్కడికి వెళుతోంది? నీళ్ళ కోసం చెరువుకు వెళుతోంది' అని ఉంది. మా వార్తలు ఒక్క చూపు చూసి, "అడవిలో ఒక కుందేలు ఉండాది. అది యాడికి పోతాంది? నీళ్ళ కోసరం చెరువుకు పోతాంది" అని గడగడా చదివేసి, ఆగకుండా, "ఈ ఎండల్లో చెరువులో నీళ్ళు యాడుంటాయి మేడం, కుందేలు ఉత్తపుణ్యానికి పోతాంది" అని కూడా చెప్పింది. ట్యాబు కాసేపు ఆలోచించి ఎర్రబడింది. తర్వాత నిదానం వచ్చాడు. ఒక్కో అక్షరాన్నీ తవ్వి తీసి పక్కన పెట్టాడు. ట్యాబుకు ఓపిక ఎక్కువ, చివరిదాకా విని పచ్చబడింది. ఆ పచ్చ తనది కాదేమో, వేరే ఎవరికైనా వచ్చిందేమోనని నిదానం పక్కకు చూశాడు.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. మిషన్ అబద్ధం చెప్పదు, ఇన్నాళ్ళూ ఈ పిల్ల వాగుడు చూసి నేనే మోసపోయానేమో అనుకున్నాను. పైగా 'ఉండాది' ఏమిటి, 'పోతాంది' ఏమిటి, దిద్దుకోవద్దూ? నేను దిద్దుకోలేదా? మూడు రంగుల పెన్నులతో పేర్లు రాసి గోడకు అంటించాను. ఎరుపు పిల్లలకు ఆటల పీరియడ్‌లో వరండాలో ప్రత్యేక తరగతి పెట్టాను. వార్తలు మూడురోజులు 'ఉంది, ఉంది, వెళుతోంది, వెళుతోంది' అని వల్లె వేసింది. నాలుగోరోజు ప్రార్థన దగ్గర వార్తలు లేవు. అంటే పిల్ల ఉంది, వార్తలే లేవు. ఎవరి గేదె సంగతీ మాకు తెలియలేదు. తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉందో అని మొదట సంతోషించాను కూడా (ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది).

వారం తిరిగేసరికి పిల్ల బడికి రావడం మానేసింది. దాని బదులు వాళ్ళమ్మ వచ్చింది. కలుపు తీసే పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు ఎర్రమట్టి, కొంగు నడుముకు చుట్టి ఉంది.

"మేడం, మా పాపకు చదువు రాదని మిషినీ చెప్పిందంట కదా?"

"రాదని కాదక్కా, కొంచెం సాధన చేస్తే..."

"గోడకు అంటిచ్చినారంట. ఊరంతా సూసి వచ్చినారు. ఆరోదానికి పై ఊరికి పంపేది దండగ అంటాన్నాడు వాళ్ళ నాయన. నాతోపాటు చేనికి తోలుకపోతాండా. హాజరు పట్టీలో పేరు కొట్టేస్తారేమో, చెప్పి పోదామని వచ్చినా."

ఆమెకు కోపం లేదు, ఏడుపు లేదు. డాక్టరు చెప్పిన జబ్బును ఒప్పుకున్నట్టు ఒప్పుకుంది. మిషన్ చెప్పిందన్న మాటకు అంత బలం ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. చెప్పింది మిషనేగానీ గోడకు అంటించింది నేను. "ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు పంపించక్కా, మళ్ళీ ఒకసారి చూస్తాను" అని బతిమాలాను. ఆమె చేతుల మట్టి దులుపుకుని, "సరే, శనివారం పంపిస్తా. అప్పుడు గూడా ఎరుపే వస్తే మటుకు నన్ను మళ్ళా అడగాకండి" అని వెళ్ళిపోయింది.

శనివారం వార్తలు వచ్చింది. ట్యాబు ముందు కూర్చోబెట్టాను. పిల్ల చదవలేదు. నావైపు తిరిగి, మెల్లగా, "మేడం, దీనికి ఏమి ఇనపడతాది?" అంది.

నేను ట్రైనింగులో నూటికి తొంభై తెచ్చుకున్నదాన్ని. అయినా "నాకు తెలీదే" అన్నాను. "కనుక్కుందామా?"

ఆ మాటతో తరగతి లేచి నిలబడింది. ముందు ఈల వేసి చూశారు, ఎరుపు. చప్పట్లు, ఎరుపు. ట్యాబును మంచినీళ్ళ మోటారు పక్కన పెట్టారు, ఎరుపు. అంతలో వార్తలు బయటికి పరిగెత్తి, గోడపక్క మేస్తున్న మేకను చెవి పట్టుకుని లాక్కొచ్చింది. మేక ట్యాబు ముందు రెండుసార్లు దీర్ఘంగా అరిచింది. పసుపు వచ్చింది! పది నిమిషాలు ఎవరూ ఎవరి మాటా వినలేదు. మేకకు పసుపు, నాకు ఎరుపా అని ఎరుపు పిల్లలు ఒకటే గోల. ఆ గోలకు పెద్దసారు వచ్చారు. సంగతి విని, "ఏదీ, ఇట్లియ్యి" అని కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయనకు కుర్రతనంలో నాటకాలాడిన అలవాటుంది. కుందేలును కంఠమెత్తి, అడవిని గాల్లో చేత్తో గీసి, చెరువు దగ్గర గొంతు వణికించి మరీ చదివారు. ఎరుపు. "ముప్పై ఏండ్ల సర్వీసు ఏమైనట్లమ్మా?" అని ఆయన నవ్వారు కానీ, ఇంకోసారి చదువుతానని అడిగారు కూడా.

అప్పుడు నేను చదివాను. నున్నటి నాలుక కదా, ఒక్కసారికే పచ్చ. కొంచెం గర్వంగానే తల ఎత్తాను. వార్తలు నన్నే చూస్తోంది.

"అట్ల కాదు మేడం. మీరు మీ నాయనతో ఫోన్లో మాట్లాడేటట్ల చదవండి."

"ఎట్లా మాట్లాడతాను?"

"నాయనా, తింటివా? యాడుండావ్? మందులేసుకుంటివా లేదా, నిజం చెప్పు, అంటారు కదా" అని అచ్చం నా గొంతుతో అనేసింది. తరగతంతా తల ఊపింది. వేపచెట్టు చాటున నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాననుకున్న నా రహస్యం, ఇన్నాళ్ళుగా ఊరందరి ఆస్తి. పెద్దసారు గోడకేసి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నారు. ఇక దాచేదేముంది? ట్యాబు దగ్గరికి తీసుకున్నాను. "అడవిలో ఒక కుందేలు ఉండాది. అది యాడికి పోతాంది?..." ఆ ముక్కలు నా నోట్లోంచి తరగతి గదిలో రావడం అదే మొదలు.

ఎరుపు.

"మేడం గూడా ఎరుపే!" అని పిల్లలు బల్లలు చరిచారు. వార్తలు ముఖంలో వారం తర్వాత నవ్వు కనబడింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. హాస్టల్లో నన్ను గదిగదికీ తిప్పిన పిల్లలకు ఒక్క సాయంత్రం చాలింది. నేను ఈ పిల్లలను వారం రోజులు వరండాలో కూర్చోబెట్టాను.

నిదానాన్ని పిలిచి, "కుందేలు ఎక్కడికి పోయింది నాయనా?" అని అడిగాను. "తెల్దు మేడం. నేను చదివినా, అంతే" అన్నాడు పాపం. వార్తలును అడిగితే కుందేలు, చెరువు, దాని చుట్టాలు, కథలో లేనివి కూడా కలిపి చెప్పింది. చదివింది అర్థమైంది కాబట్టే పిల్ల దాన్ని తన మాటలోకి మార్చుకుంటోంది. ట్యాబు దృష్టిలో అది తప్పు. అర్థం కాని పిల్లవాడు అక్షరం తప్పకుండా పలుకుతున్నాడు. అది ఒప్పు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక మేక సాయం కావాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే చేనికి నడిచిపోయి వాళ్ళమ్మకు చెప్పాను. "తప్పు పాపది కాదక్కా, నాది. గోడమీద కాగితం చించేశాను." ఆమె కొడవలి ఆపి అంతా విని, "అంటే మీరు గూడా ఇంకా నేర్చుకుంటాండారా మేడం?" అంది. అవునన్నాను. "మంచిదే. నేర్చుకోండి. సోమవారం పంపిస్తాలే" అని మళ్ళీ కలుపులోకి వంగింది. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా కచ్చితమైన తనిఖీ నివేదిక ఇంకొకటి రాలేదు.

ఆ తర్వాత ట్యాబులను మానేయలేదు. చదివాక ట్యాబు మూసి, చదివింది నీ మాటల్లో చెప్పు అనేవాళ్ళం. పుస్తకంలో 'ఉంది' అనీ ఇంట్లో 'ఉండాది' అనీ, రెండూ మనవేననీ, ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చే ఆట ఆడుకున్నాం. నిదానం పక్కన వార్తలు కూర్చునేది, వాడు అక్షరాలు తవ్వుతుంటే కథ చెబుతూ. ఏడాది చివరికి వాడు కుందేలుతోపాటే చెరువు దాకా పోగలిగాడు. వార్తలు ఆరో తరగతికి పై ఊరి బడికి పోయింది. పెద్దసారు ఇదంతా పైఅధికారులకు ఒక ఉత్తరంగా రాశారు. మేక సంగతి తీసేయమని నేనెంత చెప్పినా వినలేదు.

ఉత్తరానికి జవాబు రాలేదుగానీ, ఏడాదిన్నర తర్వాత ఒక ఆదేశం వచ్చింది. మీ ప్రాంతపు పిల్లల, టీచర్ల గొంతులు రికార్డు చేసి పంపండి, ట్యాబుకు మీ మాట నేర్పాలి అని. పిల్లలు వారం రోజులు పండగ చేసుకున్నారు. అందరిదీ అయ్యాక నా వంతు. గదిలో ఒక్కదాన్నే కూర్చుని, మీట నొక్కి, మా ఊరి గురించి మా మాటలో రెండు నిమిషాలు చెప్పి ఆపాను. తీరా వింటే మొదటి నుంచి చివరిదాకా నున్నగా, పుస్తకంలాగే ఉంది. నాకే నవ్వొచ్చింది. దాన్ని తుడిపేసి, నాయనకు ఫోన్ చేసి ఓ పది నిమిషాలు మాట్లాడి, ఆ వేడి చల్లారకముందే మళ్ళీ మీట నొక్కాను.