సింగయ్య మేస్త్రి మొదటి ఇటుక

మా ఆయన సింగయ్య మేస్త్రికి ముక్కు మీద కోపం. రేపల్లెలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం, అదీ చెప్పుకోవాలి. ఆయన ముఠాలో పదిమంది తాపీ పనివాళ్ళు. ఏ గోడ మొదలుపెట్టినా మొదటి ఇటుక ఆయనే పెట్టాలి. అప్పటిదాకా ఒక్కడూ తాపీ ముట్టడు. నీళ్ళు చల్లి, ఇటుక పెట్టి, తాపీతో తట్టి, "ఊఁ, కానీండ్రా" అనేవాడు. ఇక చూడాలి వాళ్ళ జోరు!

బాపట్లలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఉండేది. గోడౌన్లయినా, కాలవల మీద వంతెనలైనా మా ఆయనకే కబురొచ్చేది. పని చెప్పటం, కూలి మాట్లాడటం అన్నీ మేస్త్రితోనే. పనివాళ్ళ పేర్లు కూడా కంపెనీకి తెలియవు. డెబ్బై ఆరులో ఆ కంపెనీకి గల్ఫ్‌లో ఇళ్ళు కట్టే పని దొరికింది. ఇంకేం, మా ఆయన కొత్త చొక్కా కుట్టించుకుని, ముఠా మొత్తాన్నీ విమానం ఎక్కిస్తానని బజారంతా చాటుకొచ్చాడు.

ముందు తెనాలిలో పరీక్ష ఉంటుందన్నారు. అందరం రైలెక్కాం, అన్నం క్యారేజీలతో నేను కూడా. స్టేషను దగ్గర ఒక షెడ్డు. లోపల వరసగా ఇటుకల కుప్పలు, ఒక్కో కుప్ప దగ్గర ఒక నంబరు పలక. కంపెనీ ఇంజనీరు సంజీవరావుగారు ఎప్పటిలాగే మర్యాదగా ఎదురొచ్చారు.

"మేస్త్రిగారూ, అక్కడి చట్టం వేరండి. మధ్యలో మేస్త్రి ఉండి కూలీల్ని తేవటం, కూలి పంచటం ఒప్పుకోరు. మనిషికో వీసా, మనిషికో పరీక్ష. జీతం, తిండి, బస అన్నీ కంపెనీయే నేరుగా చూడాలంట. మేం మారకపోతే అక్కడ మాకు పనే లేదండి."

"మరి నా సంగతేంటి?"

"మీరూ తాపీ పనివాడిగా రండి. పదకొండో కుప్ప మీకే పెట్టించాను. ఎవరి గోడ వాళ్ళు కట్టాలి, అంతేనండి."

మా ఆయన మొహం కందగడ్డలా అయింది. "మేస్త్రిని తీసుకెళ్ళి నంబరు పలక దగ్గర నిలబెడతారా? నేను లేకుండా మావాళ్ళు ఒక్క ఇటుక కదపరు, చూసుకోండి!" అంటూ తువ్వాలు దులిపి బయటికి నడిచాడు. క్యారేజీలు అక్కడే పెట్టి నేనూ వెనకే వెళ్ళాను.

రోడ్డుకు అవతల టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. "చూస్తూ ఉండు రత్తమ్మా, మావాళ్ళు వచ్చేస్తారు" అన్నాడు. టీ చల్లారిపోయింది. ఎవరూ రాలేదు. చాలాసేపటికి షెడ్డులోంచి తాపీల చప్పుడు మొదలైంది. అప్పటి ఆయన మొహం నేను జన్మలో మరిచిపోలేను. ఇద్దరం రేపల్లె బండెక్కాం.

పదిమందీ నెగ్గారు. గల్ఫ్ వెళ్ళేముందు చెప్పిపోదామని వస్తే ఈయన నన్ను తలుపు తియ్యనిస్తేనా! ఆ తర్వాత మళ్ళీ ముఠా కట్టలేదు. పొన్నూరు రైసుమిల్లుల్లో గచ్చు పగుళ్ళు పూడ్చుకుంటూ ఒంటరిగా తిరిగాడు. అంత పనిమంతుడు అలా అయిపోయాడు.

మూడేళ్ళకు మస్తాన్‌రావు తిరిగొచ్చాడు. ముఠాలో అందరికంటే చిన్నవాడు, తాపీ పట్టటం మా అరుగు మీదే నేర్చుకున్నాడు. ఇల్లు కట్టుకుంటున్నానని, మొదటి ఇటుక పెట్టమని మా ఆయన్ని అడగటానికి వచ్చాడు. ఏమంటే అననీ అని ఈసారి తలుపు నేనే తీశాను.

"ఆ రోజు నన్నొదిలేసి కట్టుకున్నారుగా గోడలు. ఇప్పుడెందుకురా నా ఇటుక?" అన్నాడు మా ఆయన.

"వదిలెయ్యటం ఏంటి మావా!" మస్తాన్‌రావు అన్నాడు. "నీ కుప్పలోంచి నువ్వొక ఇటుక పెడితే, మా అందరికీ అదే మొదటి ఇటుక అవుద్దనుకున్నాం. తాపీలు కింద పెట్టి గుమ్మం వైపే చూస్తా నిలబడ్డాం. ఇంజనీరుగారు కూడా ఆగారు. కోపం తగ్గితే వస్తావనుకున్నాం మావా."

మా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎదురుగా టీకొట్లోనే ఉన్నానురా" అన్నాడు చివరికి. "మీరొస్తారని."

"దాటాల్సింది రోడ్డే కదయ్యా!" అని నేను ఏడ్చేశాను. ఆయన తాపీ తీసుకుని మస్తాన్‌రావు వెంట వెళ్ళాడు.